నదీజలపు మచ్చు: తీయు విధము, కాపాడు విధము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదని మన పెద్దలందురు. ఒక్క మెతుకు చాలును. అన్నము విషయమున ఆ మాట నిజమే. ఏలయన ఆ బియ్యమంతయు ఒక్క పొయ్యిమీద, ఒక్క ఎసటిలో, ఒక్క కాలమున ఉడికినది. నదికి మాత్రము ఈ మాట చెల్లదు. గోదావరి రాజమహేంద్రవరము కడ ఎంత విశాలముగా నుండునో మన పిల్లలెరుగుదురు. 1997వ సంవత్సరములో రైళ్లకు మూయబడిన పాత హేవలాకు వంతెన పొడవే రెండున్నర కిలోమీటర్లకు మించినది. అంత నదిలోనుండి ఒక లీటరు సీసాతో నీరు ముంచి, ‘ఇది గోదావరి’ అని చెప్పుట సాహసము. ఆ సాహసమును సహేతుకముగా చేయు విధమెట్టిదో ఈ వ్యాసమున చెప్పదలచినాము.

ధాన్యపు వర్తకుడు బస్తాకు చువ్వ గ్రుచ్చి గింజలు తీసి చూచుటను మచ్చు చూచుట యందురు. ఆ పదమునే నీటికిని వాడుచున్నాము. తెలివిగల వర్తకుడు బస్తా మూతికడ గింజలు చూచి తృప్తినొందడు. అడుగునను, నడుమను గ్రుచ్చి చూచును. నీటి మచ్చు తీయువాడును అట్లే యోచింపవలెను.

ఈ విషయమును ఇంత శ్రద్ధతో ఎందుకు వ్రాయుచున్నామని తల్లిదండ్రులు అడుగవచ్చును. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని నదులలో 351 భాగములు కలుషితములైనవని ప్రకటించెను. మన గోదావరిలో రాయనపేట మొదలు రాజమహేంద్రవరము వరకు గల భాగము ఆ పట్టికలో నుండెను. నంద్యాల కడ కుందూనది, మంత్రాలయము కడ తుంగభద్ర కూడ నుండెను. ఆ పట్టికలో ఒక నది చేరుటకుగాని, చేరకుండుటకుగాని ఆధారము సీసాలలోని నీరే. సీసా సరిగా నింపబడనియెడల మంచి నదికి అపకీర్తియు, చెడిన నదికి మంచిపేరును రావచ్చును. రెండవది మొదటిదానికంటె ప్రమాదకరము. ఏలయన ఆ నీటిని ఊరంతయు త్రాగును.

మొదట స్థలమును గూర్చి చెప్పెదము. మెట్లమీద కూర్చుండి చేతికందిన నీరు ముంచుట సులభము. కాని స్నానములు చేయు రేవుకడ తీసిన నీరు ఆ రేవు సంగతిని మాత్రమే చెప్పును. 2015 జూలైలో పండ్రెండు దినములు పుష్కరములు జరిగినప్పుడు లక్షలాది జనులు స్నానము చేసిన మెట్లకడ నీరొక తీరుగను, నడి యేటిలో మరియొక తీరుగను ఉండుట సహజమే గదా. రేవులో స్నానము చేయువారి క్షేమము తెలియవలెనన్న రేవుననే తీయవలెను. నది స్థితి తెలియవలెనన్న ప్రవాహము బాగుగా కలిసియుండు నడిమి భాగమున తీయవలెను. ఏ ప్రశ్నకు సమాధానము కావలెనో ముందు నిశ్చయించుకొనక సీసా పట్టుకొని బయలుదేరుట వ్యర్థము.

ఊరి మురుగు కాలువ నదిలో పడుచోటును విచారింతము. కాలువ నోటికడ ముంచిన నీరు మురుగే గాని నది కాదు. కాలువ కలిసిన పిమ్మట కొంత దూరమువరకు మురుగునీరు ఒడ్డు వెంట చారవలె సాగును. నది నీటితో వెంటనే కలియదు. పెద్ద నదులు కలియు చోట్లను ఇంతే. కూనవరము కడ శబరి గోదావరిలో కలియుచున్నది. అట్టి సంగమముల క్రింద ఇరు నదుల నీరును పూర్తిగా కలియుటకు ప్రవాహము కొంత దూరము సాగవలెను. కావున కాలువకు ఎగువను ఒక మచ్చు, నీరు బాగుగా కలిసిన పిమ్మట దిగువను ఒక మచ్చు తీయవలెను. ఈ రెంటి భేదమే కాలువ చేసిన పని. ఎగువ మచ్చు లేని దిగువ మచ్చు సాక్షి లేని వ్యాజ్యము వంటిది.

లోతు విషయములో సాధారణ నియమము నీటిమట్టమునకు అడుగు లోతున, అనగా సుమారు 30 సెంటీమీటర్లు, తీయుట. పైన తేలు నురుగు, ఆకు, నూనెచార సీసాలోనికి రాకూడదు. అడుగునున్న బురదయు కదలకూడదు. నీటిలో దిగి తీయువాడు ప్రవాహమునకు ఎదురుగా ముఖము పెట్టి నిలిచి, తన కాళ్లచే రేగిన బురద వెనుకకు పోవునట్లు చూచుకొని, సీసా మూతిని ఎగువకు త్రిప్పి నింపవలెను. పెక్కు చోట్ల దిగవలసియున్నచో దిగువ చోటు మొదట, ఎగువ చోటు తరువాత. వంతెనమీదనుండి తీయునప్పుడు బరువు కట్టిన సీసాను త్రాడుతో దింపుదురు. ఆ త్రాడు, ఆ బరువు కూడ శుభ్రమైనవై యుండవలెను. ఆషాఢ శ్రావణములలో ఎర్రనీరు వచ్చి నది పొంగునప్పుడు విద్యార్థులు ఒడ్డు దిగనే కూడదు. ఎంత ఉపయోగకరమైన మచ్చునకైనను ఒక బాలుని ప్రాణము వెలగా నీయదగినది కాదు.

గడియయు ముఖ్యమే. పగలు ఎండలో నీటిలోని నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి అదే నాచు దానిని పీల్చుకొనును. అందుచేత నాచు పట్టిన మడుగులో మిట్టమధ్యాహ్నము తీసిన నీటికిని, తెల్లవారుజామున తీసిన నీటికిని ప్రాణవాయువు విషయమున ఎంతయో భేదముండును. ఎల్లప్పుడు మధ్యాహ్నము పండ్రెండు గంటలకే మచ్చు తీయువానికి చెరువులో చేపలేల చచ్చుచున్నవో ఎన్నటికిని తెలియదు. చేపలు చచ్చునది తెల్లవారుజామున.

ఇక సీసాలో నింపిన నీరు నింపినట్లే యుండునా? ఉండదు. మన యిండ్లలో కాశినుండి తెచ్చిన గంగ చెంబు మూతకు లక్కవేసి ఏండ్ల తరబడి దేవుని గూటిలో నుంచుదురు. నీరు నిలిచియుండును, కాని అది తీసిన దినపు గంగ కాదు. రాగి నీటిలో కొంచెము కొంచెముగా కరగును. ఆ రాగి సూక్ష్మజీవులను చంపును. కావున రాగి చెంబులో తెచ్చిన నీటిలో సూక్ష్మజీవులు లేవని తేలినచో అది చెంబు మహిమ. నది శుభ్రమైనదని నిర్ణయించుటకు వీలులేదు. గాజు సీసాలోనైనను మార్పు ఆగదు. నీటిలోని సూక్ష్మజీవులు ఊపిరి పీల్చుచునే యుండును, ప్రాణవాయువు తగ్గును. అమ్మోనియా నైట్రేటుగా మారును. బొగ్గుపులుసు గాలి లేచిపోవును, దానితో ఆమ్లగుణము మారును. కరగియున్న ఇనుము తుప్పై అడుగున చేరును. సీసము, రాగి మొదలైన లోహములు సీసా గోడల నంటుకొనిపోవును. తెలియనివాడు ఆ నీటిని వారము దినముల పిమ్మట పరీక్షించి, నదిలో సీసము లేదని సంతోషించును. సీసము సీసాకంటుకొని యున్నది.

మన తల్లులకు తెలిసిన సంగతియే ఇచ్చట పనికివచ్చును. మామిడికాయ నిలువయుండుటకు ఉప్పు, కారము, ఆవపిండి, నూనె కావలెను; వడియమునకు ఎండ కావలెను; పాలకు కాచుట కావలెను. ఆవకాయను కాపాడు విధముతో పాలను కాపాడలేము. అట్లే ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క సీసా, ఒక్కొక్క మందు కలవు. ఒక్క సీసాలోని నీటితో అన్ని పరీక్షలును చేయించవచ్చునని తలచువారు పెక్కురు. ఆ తలంపే మా వ్యాసమునకు ముఖ్యశత్రువు.

లోహముల కొరకు పాలిథీను సీసా తీసికొని, దానిని ముందుగా పలుచని నత్రికామ్లముతో కడిగి, స్వచ్ఛమైన నీటితో పలుమారులు తొలచి ఉంచవలెను. నీరు నింపిన వెంటనే మిక్కిలి శుద్ధమైన నత్రికామ్లపు చుక్కలు వేసి పీ.హెచ్. 2కు తక్కువ చేయవలెను. అప్పుడు లోహములు గోడలకంటవు. పాదరసము తప్ప తక్కిన వానికి ఆరు నెలల వ్యవధి దొరకును. పాదరసము చంచలమైనది, దానికి 28 దినములే గడువు. ఆమ్లమును ఉపాధ్యాయులే వేయవలెను, చేతికి తొడుగు, కంటికి అద్దములు ఉండవలెను. కరగిన లోహమును వేరుగా తెలిసికొనదలచినచో ఆమ్లము వేయకముందే నీటిని సన్నని వడపోతలో వడకట్టవలెను. ఆమ్లము వేసిన పిమ్మట వడకట్టిన యెడల బురదకంటియున్న లోహము కూడ కరగి లెక్కలో చేరును. పల్లెలలో వరదనీటిని చిల్లగింజ అరగదీసి తేర్చుట వాడుక. త్రాగుటకు అది మంచి పద్ధతియే కాని మచ్చునీటిని ఎవ్వరును తేర్చరాదు. ఆ బురదలోనే సగము కథ యున్నది.

లోహముల విషయములో మచ్చు తీయువాడే మలినమును తెచ్చు అపాయము కలదు. వ్రేలి ఉంగరము, తుప్పు పట్టిన బొక్కెన, పడవ రంగు, ఎగిరిపడు దుమ్ము, ఇవి చాలును. ఇది మా ఊహ కాదు. అమెరికా దేశములో ప్రభుత్వ భూగర్భ పరిశీలనశాఖవారు ఏండ్ల తరబడి నదుల నీటిలో లోహముల లెక్కలు ప్రకటించిరి. 1991లో విండం అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును తూర్పు ప్రాంతపు నదులలో అతి శుభ్రమైన పద్ధతితో మచ్చులు తీసి చూడగా, వెనుకటి లెక్కలలో పెక్కు అంకెలు నదివి కావనియు, సేకరణలో చేరిన మలినమువనియు తేలెను. అన్ని సంవత్సరముల శ్రమతో కూర్చిన పట్టికలు ఆ లోహముల వృద్ధిక్షయములు తెలిసికొనుటకు పనికిరాకపోయెను. సముద్రజలములోని సీసమును గూర్చి క్లేర్ పాటర్సను అను శాస్త్రజ్ఞుడు అంతకుముందే ఇట్టి హెచ్చరిక చేసియుండెను.

దీనికి మందు ‘వట్టి మచ్చు’. ప్రయోగశాలనుండి స్వచ్ఛమైన నీటిని ఒక సీసాలో తీసికొనిపోయి, నది యొడ్డున మూత తీసి, తక్కిన సీసాలకు చేసిన పనులన్నియు దానికిని చేసి, అదే పెట్టెలో తిరిగి తేవలెను. ఆ నీటిలో సీసము కనబడినచో అది గోదావరిది కాదు, మనది. ఈ వట్టి మచ్చు వృథాఖర్చని తలచువారితో మేము ఏకీభవింపము. పది సీసాలలో ఒకటి దీనికి ఈయవలెను. మరియొకటి ఒకే చోట రెండుమారులు తీసిన జంట మచ్చునకు ఈయవలెను.

ప్రాణవాయువు పరీక్ష మా విద్యార్థులకు మిక్కిలి ప్రియమైనది. ఏలయన ఇది కంటికి కనబడును. దీనిని 1888లో హంగేరీ దేశీయుడైన లాయోష్ వింక్లరు కనుగొనెను. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను, గాజు బిరడా గలదానిని, తీసికొందుము. నీటిని పైనుండి కుమ్మరింపకూడదు. కుమ్మరించిన గాలి కలియును. రబ్బరు గొట్టము సీసా అడుగువరకు దింపి, నీరు క్రిందనుండి పైకి నిండి, సీసా పట్టునంతటికి రెండు మూడింతలు పొర్లిపోవునట్లు విడువవలెను. గాలిబుడగ ఒక్కటియు లేకుండ చూచి, మాంగనీసు సల్ఫేటు ద్రావణము 2 మిల్లీలీటర్లు, పిమ్మట క్షారముతో కలిపిన అయొడైడు ద్రావణము 2 మిల్లీలీటర్లు నీటి మట్టము క్రిందుగా విడిచి, బిరడా పెట్టి తలక్రిందులుగా పలుమారులు త్రిప్పవలెను. అప్పుడు సీసాలో మబ్బు కట్టును. ప్రాణవాయువు ఉన్నచో ఆ మబ్బు గోధుమరంగు. ఏమియు లేనిచో తెలుపు. మురుగు కాలువ నీటిలో తెల్లని మబ్బు విరిసినప్పుడు పిల్లలు ఒక్కసారి నిశ్శబ్దులగుదురు. ఆ నీటిలో చేప బ్రదుకదని వారికి ఎవ్వరును చెప్పనక్కరలేదు.

ఇట్లు ప్రాణవాయువును నది యొడ్డుననే పట్టి బంధించుట జరిగినది. ఈ సీసాను చీకటిలో చల్లగా ఉంచి ఎనిమిది గంటలలోగా ప్రయోగశాలకు చేర్చవచ్చును. అచ్చట గంధకామ్లము వేయగా మబ్బు కరగి, ఉన్న ప్రాణవాయువునకు సరిపోవు అయొడిను విడుదలయగును. దానిలో గంజి చుక్కలు వేసిన నీలము పుట్టును. ఛాయాచిత్రములు కడుగువారు వాడిన హైపో ద్రావణమును బొట్టుబొట్టుగా విడువగా నీలము ఒక్క బొట్టుతో మాయమగును. ఎంత హైపో పట్టెనో దానినిబట్టి ప్రాణవాయువు లెక్కింతురు. 30 డిగ్రీల వేడి గల స్వచ్ఛమైన నీటిలో లీటరునకు సుమారు 7.6 మిల్లీగ్రాములు నిలుచును. 20 డిగ్రీలయందు 9.1. స్నానమునకు తగిన నీటిలో 5కు తగ్గకూడదని మన దేశపు నియమము. నీటి వేడిని నదిలోనే కొలువవలెను. బొక్కెనలో ఎండన నిలిపిన నీటి వేడి బొక్కెనదే.

దీనికి తోబుట్టువు వంటి పరీక్ష మరియొకటి కలదు. నీటిలోని కుళ్లును తినుటకు సూక్ష్మజీవులు కొన్ని దినములలో ఎంత ప్రాణవాయువు ఖర్చు చేయునో కొలుచుట. దీనినే బీ.ఓ.డీ. అందురు. ఇంగ్లండులో 1898లో నియమింపబడిన మురుగునీటి రాజసంఘము అయిదు దినముల గడువును వాడుకలోనికి తెచ్చెను. ఆ దేశపు నదీజలము అంతకుమించిన కాలము నదిలో నుండక సముద్రము చేరుననుటయే కారణమని చెప్పుదురు. మన వేడిదేశమునకు తగినట్లు 27 డిగ్రీలలో మూడు దినముల పద్ధతిని భారత ప్రమాణములయందు చేర్చిరి. స్నానయోగ్యమైన నదిలో ఇది లీటరునకు 3 మిల్లీగ్రాములు మించరాదు. ఈ మచ్చునకు మందేమియు వేయకూడదు. మందు వేసిన సూక్ష్మజీవులు చచ్చును, పరీక్షయు చచ్చును. ఐసు పెట్టెలో 4 డిగ్రీలకు చల్లార్చి, త్వరగా చేర్చుటయే దారి. గడ్డకట్టించరాదు.

సూక్ష్మజీవుల మచ్చునకు సీసాను ఆవిరి యంత్రములో 121 డిగ్రీల యొద్ద పావుగంట ఉంచి శుద్ధి చేయుదురు. ఒడ్డున దీనిని మొట్టమొదట నింపవలెను. నదీజలముతో తొలువరాదు, బిరడా లోపలివైపు వ్రేలు తగులరాదు, కలిపి కుదుపుటకు పైన కొంచెము చోటు విడువవలెను. ప్రాణవాయువు సీసాలో బుడగ యుండరాదు, దీనిలో చోటుండవలెను. ఒక్కొక్క సీసాకు ఒక్కొక్క నీతి. కుళాయినీటిలో క్లోరిను ఉండును గనుక అట్టి సీసాలో ముందుగానే హైపో వేసియుంచుదురు. లేనియెడల దారిలోనే క్లోరిను సూక్ష్మజీవులను చంపుచుండును. ఆరు మొదలు ఎనిమిది గంటలలో పరీక్ష మొదలిడవలెను, ఎట్లయినను 24 గంటలు దాటరాదు.

పురుగుమందుల కొరకు గోధుమరంగు గాజు సీసా కావలెను. ప్లాస్టికు ఆ మందులను తనలోనికి పీల్చుకొనును, వెలుతురు వానిని విరుచును. డెల్టా పొలములనుండి నీరు మురుగు కాలువల ద్వారా కొల్లేటికిని, సముద్రమునకును పోవు ప్రాంతములో ఇది సామాన్యమైన పరీక్ష కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది జనులు అకస్మాత్తుగా మూర్ఛలు వచ్చి ఆసుపత్రుల పాలైరి. ఢిల్లీ అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థవారు రోగుల రక్తములో సీసము, నికెలు కనుగొనిరి; పురుగుమందుల మీదను అనుమానము కలిగెను. నీరు, పాలు, కూరగాయలు, రక్తము, అన్నింటి మచ్చులును పెక్కు ప్రయోగశాలలకు పంపవలసివచ్చెను. అట్టి దినమున ఏది ఏ సీసాలో, ఏ గడియకు, ఎవరిచే తీయబడెనో వ్రాసి ఉంచనియెడల ఎంతటి పండితుడును కారణము చెప్పలేడు.

కావున చీటీ. దానిమీద నది పేరు, చోటు, తేది, గంట, నీటి వేడి, ఆకాశ స్థితి, వేసిన మందు, చేయదగిన పరీక్ష, తీసినవారి పేరు ఉండవలెను. సిరా నీటికి చెదరును, పెన్సిలు చెదరదు. చీటీని సీసాకే అంటింపవలెను గాని మూతకు కాదు, మూతలు మారిపోవును. రేవులో వ్రాయవలసినదానిని ఇంటికి పోయి జ్ఞాపకముమీద వ్రాయుట మా తరగతిలో నిషేధము.

చీటీని న్యాయస్థానము కూడ అడుగును. 1974వ సంవత్సరపు జలకాలుష్య చట్టములో 21వ సెక్షను మచ్చు తీయుటను గూర్చినదే. కర్మాగారపు మురుగునుండి మచ్చు తీయు అధికారి, దానిని పరీక్షింపబోవుచున్నట్లు యజమానికి అప్పటికప్పుడే నోటీసు ఈయవలెను. ఆయన కోరినయెడల ఆయన యెదుటనే మచ్చును రెండు భాగములు చేసి, గుర్తువేసి, ముద్రవేసి, ఇరువురును సంతకములు చేయవలెను. ఈ పద్ధతి తప్పినచో ఆ పరీక్షాఫలితము సాక్ష్యముగా చెల్లదు. నదిని పాడుచేసినవాడు ఒక సంతకపు లోపముచే తప్పించుకొనవచ్చునన్న మాట. రెండు భాగములు చేయునప్పుడు నీటిని బాగుగా కుదిపి పంచవలెను, లేనియెడల మొదటి సీసాలో తేట, రెండవదానిలో మడ్డి చేరును.

సీసాలు చేతులు మారిన ప్రతిసారి ఇచ్చినవారును, పుచ్చుకొన్నవారును గంట వేసి సంతకము చేయుదురు. ప్రయోగశాలవారు పెట్టె విప్పినప్పుడు ముందుగా లోపలి వేడి ఎంతయో కొలిచి పుస్తకములో వ్రాయుదురు. ఐసు కరగి సీసాలు వెచ్చబడియున్నయెడల ఆ సంగతియు ఫలితముల ప్రక్కనే వ్రాయబడును.